నిండేదాకా కదలని బఫర్

సర్వర్ లాగ్‌లను కనిపెట్టుకుని ఉండేవాళ్లందరికీ అలవాటైన కమాండ్ ఒకటుంది. టెయిల్ అనే ప్రోగ్రాం లాగ్ ఫైలు చివర కొత్తగా చేరే లైన్లను ఎప్పటికప్పుడు బయటికి ఇస్తుంది. దాని పక్కన ఒక నిలువు గీత గీసి గ్రెప్‌ను తగిలిస్తే, 'ఎర్రర్' అన్న మాట ఉన్న లైన్లను మాత్రం ఏరి తెర మీద చూపిస్తుంది. సర్వర్‌లో తప్పు జరగడం, ఇక్కడ లైను పడటం దాదాపు ఒకేసారి జరిగిపోతాయి. ఇప్పుడు లైనంతా ఎందుకు, మొదట్లో ఉన్న తేదీ, సమయం చాలు అనుకుని చివర ఇంకో నిలువు గీత గీసి కట్ అనే ప్రోగ్రాంను కలిపి చూడండి. తెర మూగబోతుంది. అవతల తప్పులు జరుగుతూనే ఉంటాయి, లాగ్‌లో లైన్లు చేరుతూనే ఉంటాయి. కమాండ్‌లో అక్షరదోషం లేదు, ఏ ప్రోగ్రామూ చతికిలబడలేదు. అయినా తెర మీదికి ఒక్క అక్షరం రాదు. చాలాసేపటికి, ఎవరో గేటు ఎత్తినట్టు, నలభై లైన్లు ఒక్కసారిగా వచ్చి పడతాయి. మళ్లీ నిశ్శబ్దం.

హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ రాత్రి షిఫ్టుల్లో సర్వర్లకు కాపలా కాసే తెలుగువాళ్లు వేలల్లో ఉంటారు కనుక ఈ నిశ్శబ్దం మన పాఠకుల్లో చాలామందికి పరిచయమే అయి ఉంటుంది. దీనికి మందులు ఉన్నాయి, అవి చెప్పుకుందాం. కానీ జబ్బు ఎక్కడుందో ముందు తేల్చుకోకపోతే మందు గుడ్డిగా వాడినట్టవుతుంది. ఈ ఆలస్యానికి మూలం పైపులో లేదు, యంత్రం వేగంలోనూ లేదు. ప్రతి ప్రోగ్రామూ మొదలవుతూనే తనకు తాను వేసుకునే ఒక ప్రశ్నలో ఉంది. ఆ ప్రశ్న నలభై, యాభై ఏళ్ల కిందట సరిగ్గా సరిపోయింది. ఇవాళ్టి వాడకానికి అది తప్పు ప్రశ్న అన్నది ఈ వ్యాసంలో నా వాదన.

ముందు పైపు మీది నింద తొలగించాలి. రెండు ప్రోగ్రాముల మధ్య ఆ నిలువు గీత గీసినప్పుడు ఆపరేటింగ్ సిస్టం కేంద్రమైన కెర్నెల్ ఏర్పాటు చేసే దారే పైపు. ఎడమవైపు ప్రోగ్రాం అందులో రాస్తుంది, కుడివైపుది అందులోంచి చదువుకుంటుంది. ప్రోగ్రాములను ఒకదానికొకటి ఇలా తగిలించుకునే వీలుండాలని అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెక్‌ఇల్రాయ్ 1964లోనే ఒక నోట్‌లో రాసిపెట్టారు. అది యూనిక్స్‌లోకి వచ్చింది 1973లో, కెన్ థాంప్సన్ చేతుల మీదుగా. నేటి లినక్స్‌లో ఒక పైపు మామూలుగా 65,536 బైట్లు పట్టుకుంటుంది. ఆ అంకె చూసి, అంతా నిండితేగానీ పైపు అవతలికి వదలదేమో అనుకునేవాళ్లున్నారు. అది అపోహ. 65,536 అన్నది గరిష్ఠ పరిమితి. చదివే ప్రోగ్రాం వెనకబడితే అంతవరకు పోగవుతుంది, ఆ పైన రాసే ప్రోగ్రాం ఆగాల్సి వస్తుంది, అంతే. పైపులోకి ఒక్క బైటు పడినా అవతలి ప్రోగ్రాం ఆ క్షణమే దాన్ని అందుకోవచ్చు. కాబట్టి మన లైను తెరకు చేరలేదంటే పైపులో ఎక్కడో ఇరుక్కుందని కాదు. గ్రెప్ దాన్ని అసలు పైపులో వేయనే లేదు.

మరి ఎక్కడ ఉంచుకుంది? తన సొంత మెమరీలో, బఫర్ అనే చిన్న గదిలో. ఎందుకు ఉంచుకుందో అర్థం కావాలంటే రాయడానికి అయ్యే ఖర్చు తెలియాలి. ప్రోగ్రాం బయటికి ఏది పంపాలన్నా కెర్నెల్‌ను అడగాలి. దీన్నే సిస్టం కాల్ అంటారు. అడిగిన ప్రతిసారీ ప్రాసెసర్ ప్రోగ్రాం పని ఆపి, కెర్నెల్‌లోకి వెళ్లి, తిరిగి రావాలి. ఒక బైటు పంపినా నాలుగు వేల బైట్లు పంపినా ఈ రాకపోకల ఖర్చు తప్పదు. పది లక్షల లైన్లున్న ఫైలును తీసుకోండి, ఒక్కో లైను 80 బైట్లు. మొత్తం 8 కోట్ల బైట్లు. లైనుకొకసారి పంపితే పది లక్షల సిస్టం కాల్స్. 4096 బైట్లు పోగయ్యాక ఒకసారి పంపితే 19,532 చాలు. యాభై రెట్లకు పైగా తేడా. షేర్ ఆటో మనిషి నిండితేగానీ బండి కదపడు, ఒక్కొక్కరి కోసం కదిలితే డీజిల్ ఖర్చు కూడా రాదు. బఫర్ లెక్క కూడా అదే. ఈ ఏర్పాటును సి భాష ప్రామాణిక లైబ్రరీ ప్రోగ్రాములన్నిటి తరఫునా చూసుకుంటుంది. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్ నాటికే స్టాండర్డ్ ఐఓ అన్న పేరుతో ఆ లైబ్రరీ ఉంది. గ్రెప్, కట్, సెడ్ లాంటి పాత కాపులు చాలావరకు దాని మీదే నడుస్తాయి.

అయితే అన్ని వేళలా నిండేదాకా ఆగితే మనిషి విసిగిపోతాడు. తెర ముందు కూర్చున్నవాడికి ప్రశ్న కనబడాలి, జవాబు కనబడాలి. అందుకని లైబ్రరీ ఒక ఉపాయం చేసింది. తన అవుట్‌పుట్ ఎక్కడికి పోతోందో చూసుకుంటుంది. అవతల టెర్మినల్ ఉంటే మనిషి చూస్తున్నాడని లెక్క, లైను పూర్తవగానే పంపేస్తుంది. ఫైలో పైపో ఉంటే మనిషి లేడని లెక్క, బఫర్ నిండేదాకా ఆగుతుంది. ఇది ఏ ఒక్క కంపెనీ అలవాటో కాదు. 1989 నాటి సి ప్రమాణం కూడా, అవతల ఉన్నది మనిషితో మాట్లాడే పరికరం కాదని తేల్చుకోగలిగితేనే అవుట్‌పుట్‌ను పూర్తిగా బఫర్ చేయాలని చెప్పింది. తప్పుల సందేశాలు పోయే స్టాండర్డ్ ఎర్రర్ దారికి మాత్రం ఆ పూర్తి బఫరింగ్ పనికిరాదంది. లినక్స్‌లో ఎక్కువగా వాడే గ్లిబ్‌సీ లైబ్రరీ పైపుల విషయంలో తీసుకునే బఫర్ 4096 బైట్లు.

మొదట చెప్పిన వింత ఇప్పుడు విడిపోతుంది. గ్రెప్ చివర ఉన్నప్పుడు దాని ఎదుట టెర్మినల్ ఉంది, లైను లైనుగా ఇచ్చింది. కట్‌ను కలపగానే గ్రెప్ ఎదుట పైపు వచ్చింది, దాని ప్రవర్తన మారిపోయింది. కట్ ఎదుట టెర్మినలే ఉంది కాబట్టి అది సిద్ధంగానే ఉంది, కానీ దానికి అందేదేమీ లేదు. మనం కమాండ్ చివర చేసిన మార్పు మధ్యలో ఉన్న ప్రోగ్రాం నడక మార్చేసింది. తప్పు వెతికేవాడు సహజంగా తాను కొత్తగా కలిపిన కట్‌నే అనుమానిస్తాడు, గంటలు పోగొట్టుకుంటాడు.

ఆలస్యం ఎంతో లెక్క వేసి చూస్తే విషయం తీవ్రత తెలుస్తుంది. ఎర్రర్ లైను 100 బైట్లనుకుందాం, నిమిషానికి ఒకటి వస్తోందనుకుందాం. గ్రెప్ బఫర్ నిండటానికి 41 లైన్లు కావాలి, అంటే 41 నిమిషాలు. మొదటి తప్పు జరిగిన ముప్పావు గంటకు గానీ తెర మీద కనబడదు. ఇప్పుడు కట్ తర్వాత ఇంకో స్క్రిప్టు కూడా ఉందనుకోండి, తప్పు కనబడగానే ఫోనుకు సందేశం పంపేది. కట్ ఎదుట కూడా పైపు వచ్చింది కాబట్టి అదీ పోగుచేయడం మొదలుపెడుతుంది. అది ఇచ్చేది లైనుకు తేదీ, సమయం కలిపి 19 అక్షరాలు, లైను ముగింపుకు ఒకటి, మొత్తం 20 బైట్లు. 4096 నిండాలంటే 205 లైన్లు. కట్ పూర్తి లైను అందాకే పని చేస్తుందనుకుంటే, గ్రెప్ నుంచి ఐదు విడతలు వచ్చేసరికి పూర్తయిన లైన్లు 204, బైట్లు 4080. పదహారు బైట్లు తక్కువ. ఆరో విడత రావాలి. అది వచ్చేసరికి 246 నిమిషాలు, అంటే నాలుగు గంటలు దాటుతాయి. తప్పు జరిగిన వెంటనే ఫోను మోగాలని కట్టుకున్న ఏర్పాటు నాలుగు గంటల తర్వాత మోగుతుంది. తప్పులు అరుదుగా జరిగే మంచి సర్వర్ అయితే ఇంకా ఆలస్యం, ఎందుకంటే బఫర్ నింపేది తప్పులే.

ఇదంతా పరీక్షలో దొరకదు, అదే అసలు చిక్కు. స్క్రిప్టు రాసినవారు ఒక పాత లాగ్ ఫైలును దాని మీదుగా పంపి చూస్తారు. ఫైలు అయిపోగానే ప్రతి ప్రోగ్రామూ తన బఫర్‌లో మిగిలింది కూడా వదిలి ముగుస్తుంది. ఫలితం చక్కగా వస్తుంది. ముగింపు ఉన్న ఇన్‌పుట్ మీద బఫర్ తన ఉనికి చాటదు. ముగింపు లేని ఇన్‌పుట్ మీదే, అంటే అసలు పని మొదలయ్యాకే, బయటపడుతుంది.

ఆలస్యం ఒక్కటే నష్టమైతే ఓపిక పట్టమని చెప్పవచ్చు. కానీ నిశ్శబ్దం చూసి విసిగినవాడు ఏం చేస్తాడు? కంట్రోల్-సి నొక్కుతాడు. ఆ సంకేతం పైపులైన్‌లోని ప్రోగ్రాములన్నిటికీ ఒకేసారి అందుతుంది. గ్రెప్ అక్కడికక్కడే చనిపోతుంది, బఫర్ ఖాళీ చేసే అవకాశం దానికి ఉండదు. అప్పటిదాకా ఏరిపెట్టిన ముప్పై, నలభై లైన్లు దానితోపాటే పోతాయి. తెర మీద ఏమీ రాలేదు కనుక తప్పులేమీ జరగలేదని అతను రిపోర్టు రాస్తాడు. ఆలస్యం ఇక్కడ అబద్ధంగా మారింది. అతను చేయాల్సింది వేరే టెర్మినల్ నుంచి మొదటి ప్రోగ్రాం టెయిల్‌ను మాత్రమే ఆపడం. అప్పుడు గ్రెప్‌కు ఇన్‌పుట్ ముగిసిందని తెలుస్తుంది, ఉన్నదంతా వదిలి మర్యాదగా ముగుస్తుంది, దాని తర్వాత కట్ కూడా అంతే. కానీ బఫర్ అనేది ఒకటుందని తెలియనివాడికి ఆ ఆలోచనే రాదు.

కంటెయినర్లలో నడిచే పైథాన్ ప్రోగ్రాముల్లో ఇదే కథ ఇంకో రూపంలో కనిపిస్తుంది. కంటెయినర్‌లో టెర్మినల్ ఉండదు, అవుట్‌పుట్ లాగ్ సేకరించే వ్యవస్థకు పైపు ద్వారా పోతుంది. కాబట్టి ప్రోగ్రాం రాసే సందేశాలు వెంటనే బయటికి రావు. మెమరీ మించిపోయి కెర్నెల్ ఆ ప్రోగ్రాంను చంపేసిందంటే, చావుకు ముందు అది రాసుకున్న చివరి లైన్లు బఫర్‌లోనే పోతాయి. కారణం చెప్పేవి సరిగ్గా ఆ చివరి లైన్లే. లాగ్ చూసినవారికి ప్రోగ్రాం అసలు ఆగిన చోటుకన్నా చాలా ముందే ఆగినట్టు కనబడుతుంది, వెతుకులాట తప్పు చోట మొదలవుతుంది.

తెలుగు డేటాతో పనిచేసేవారికి ఇంకో ఇబ్బంది ఉంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతం ప్రతిదీ 3 బైట్లు తీసుకుంటుంది. 'క్షే' అని రాస్తే క, పొల్లు, ష, ఏత్వం అని నాలుగు సంకేతాలు, 12 బైట్లు. 4096ను 3తో భాగిస్తే శేషం ఒకటి మిగులుతుంది. అంటే బఫర్ నిండి కదిలే చోట అక్షరం మధ్యలో తెగిపోవచ్చు, ఒక బైటు ఈ విడతలో, రెండు బైట్లు తర్వాతి విడతలో. రెండిటినీ కలిపి చదివే ప్రోగ్రాంకు ఇబ్బంది లేదు. వచ్చిన ముక్కను వచ్చినట్టే అక్షరాలుగా మార్చబోయే అజాగ్రత్త స్క్రిప్టుకు మాత్రం అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం పెట్టిన నల్ల డైమండ్ గుర్తు దొరుకుతుంది. లైను ముగిసినప్పుడే పంపే పద్ధతిలో, లైన్లు మరీ పొడవు కాకపోతే, ఈ కోత పడదు.

ఇక మందుల సంగతి. అన్నిటికన్నా మంచిది ప్రోగ్రాం తానే ఇచ్చే ఆప్షన్. గ్రెప్‌కు రెండు హైఫన్ల తర్వాత 'లైన్-బఫర్డ్' అని రాస్తే చాలు, మన మొదటి ఉదాహరణ అక్కడితో బాగుపడుతుంది. నెట్‌వర్క్ ప్యాకెట్లు చూపే టీసీపీడంప్‌కు 'ఎల్', జేసన్ డేటాను విడదీసే జేక్యూకు 'అన్‌బఫర్డ్', పైథాన్‌కు 'యు' లేదా పైథాన్‌అన్‌బఫర్డ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. ఆక్‌లో ప్రింట్ చేసిన ప్రతిసారీ ఎఫ్‌ఫ్లష్ అని పిలవాలి. సెడ్ దగ్గర కాస్త జాగ్రత్త అవసరం. లినక్స్‌లో ఉండే గ్నూ సెడ్‌కు 'యు' ఇవ్వాలి. ఫ్రీబీఎస్‌డీ సెడ్‌లో లైను లైనుగా పంపే అక్షరం 'ఎల్'. అదే 'ఎల్' గ్నూ సెడ్‌లో లైను ఎంత పొడవు దగ్గర మడవాలో చెప్పే వేరే ఆప్షన్. ఒకే పనికి ఇన్ని పేర్లుండటం నాకు ఈ వ్యవహారంలో అన్నిటికన్నా విచారంగా తోచే విషయం. వాడేవాడు ఒక్క సంగతి నేర్చుకుంటే సరిపోవాల్సిన చోట పది బట్టీ పట్టాల్సి వస్తోంది.

కట్, టీఆర్ లాంటి వాటికి గ్నూ మామూలుగా ఇచ్చే ఆప్షన్లలో అలాంటిది దొరకదు. వాటి కోసం 2009లో గ్నూ కోర్‌యుటిల్స్ 7.5తో ఎస్‌టీడీబఫ్ అనే చిన్న కమాండ్ వచ్చింది. దాన్ని ముందు పెట్టి, 'ఓ'కు పెద్ద 'ఎల్' జతచేసి, తర్వాత కట్ అని రాస్తే కట్ కూడా లైను లైనుగా ఇస్తుంది. అది చేసే పని తెలుసుకోదగ్గది. కట్ ప్రోగ్రాం లోపలికి సి లైబ్రరీతోపాటు తన చిన్న లైబ్రరీని కూడా ముందుగా ఎక్కిస్తుంది, అది బఫర్ పద్ధతి మార్చి తప్పుకుంటుంది. ఇది ఎక్కడ పనిచేయదో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. సి లైబ్రరీని తనలోనే కలుపుకుని స్టాటిక్‌గా కట్టిన ప్రోగ్రాంలోకి బయటి లైబ్రరీ ఎక్కదు. గో భాషలో రాసినవి, సొంత బఫర్ ఉన్న పైథాన్ 3 దీని మాట వినవు. బఫర్ పద్ధతిని తామే నిర్ణయించుకునే ప్రోగ్రాములు దీని నిర్ణయాన్ని తోసిపుచ్చుతాయి. పనిచేయనప్పుడు అది ఏ హెచ్చరికా ఇవ్వకపోవచ్చు. కమాండ్ మామూలుగా నడుస్తుంది, ఆలస్యం మామూలుగా ఉంటుంది.

చివరి మందు ప్రోగ్రాంకు టెర్మినల్ ఉన్నట్టు భ్రమ కల్పించడం. డాన్ లిబ్స్ రూపొందించిన ఎక్స్‌పెక్ట్ ప్యాకేజీలోని అన్‌బఫర్ అనే కమాండ్ నకిలీ టెర్మినల్ ఒకటి సృష్టించి ప్రోగ్రాంను దానికి తగిలిస్తుంది. పైపు మధ్యలో వాడితే దానికి 'పి' ఆప్షన్ ఇవ్వాలి, లేకపోతే ముందు ప్రోగ్రాం ఇచ్చేది ఇది చదవదు. భ్రమ గట్టిగానే పనిచేస్తుంది, కానీ పూర్తిగా పనిచేస్తుంది, ఇబ్బంది అక్కడే. మనిషి చూస్తున్నాడనుకుని ప్రోగ్రాం రంగులు పూస్తుంది, ఆ రంగుల సంకేతాలు తర్వాతి ప్రోగ్రాం డేటాలో కలుస్తాయి. టెర్మినల్ పద్ధతి ప్రకారం లైను చివర అదనంగా క్యారేజ్ రిటర్న్ అక్షరం చేరవచ్చు. అప్పుడు లైను ఫలానా మాటతో ముగుస్తోందా అని చూసే గ్రెప్‌కు ఇక ఏదీ సరిపోలదు. కనుక దీన్ని ఇంకే దారీ లేనప్పుడే వాడాలని నా అభిప్రాయం.

ఏ మందూ అక్కర్లేనివి, ఏ మందుకూ లొంగనివి కూడా ఉన్నాయి. క్యాట్, టీ, టెయిల్ వచ్చిందాన్ని వచ్చినట్టే పంపిస్తాయి. సార్ట్ మొత్తం చదివితేగానీ ఏది ముందో చెప్పలేదు, దానికి ఆలస్యం స్వభావం. ఎంఆక్ అనే ఆక్ రకం అవుట్‌పుట్‌నే కాక ఇన్‌పుట్‌ను కూడా పోగుచేసుకుంటుంది, అందువల్ల దానికి ఎఫ్‌ఫ్లష్ చాలదు, 'డబ్ల్యూ ఇంటరాక్టివ్' అనే ఆప్షన్ కావాలి.

ఇంత గొడవెందుకు, బఫర్లన్నీ తీసేస్తే పోలేదా అని అడిగేవారికి పైన వేసిన యాభై రెట్ల లెక్కే జవాబు. లైనుకొకసారి పంపడమే యాభై రెట్లయితే, బైటుకొకసారి పంపడం ఎనిమిది కోట్ల సిస్టం కాల్స్. రాత్రిపూట కోట్ల లైన్ల లాగ్‌లను వడపోసే పనికి బఫర్ ప్రాణం. అక్కడ మనిషి చూడటం లేదన్న ఊహ అక్షరాలా నిజం. లైబ్రరీ రాసినవారు పొరపడ్డారని నేను అనడం లేదు. వారి కాలంలో పైపులైన్ అంటే ముగింపు ఉన్న పని. టెర్మినల్ ముందు మనిషి ఉంటాడు, పైపు అవతల ప్రోగ్రాం ఉంటుంది. పైపు అవతలి ప్రోగ్రాం వెనక కూడా మనిషి ఎదురుచూస్తూ ఉండవచ్చన్నది, పైపులైన్ రోజుల తరబడి ఆగకుండా నడవవచ్చన్నది ఇప్పుడు నిత్యకృత్యమైంది.

ఇంకో అభ్యంతరం బలమైనది. క్షణానికొకసారి బఫర్‌ను దానంతటదే ఖాళీ చేసే గడియారం పెడితే సరిపోదా అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ సి లైబ్రరీకి సొంతంగా నడిచే తోవ లేదు, ప్రోగ్రాం పిలిచినప్పుడే అది పనిచేస్తుంది. గ్రెప్ తర్వాతి లైను కోసం చదువుతూ కెర్నెల్‌లో ఆగి ఉన్నప్పుడు లైబ్రరీని పిలిచేవారెవరు? దానికోసం ప్రతి చిన్న ప్రోగ్రాంలోనూ ఇంకో థ్రెడ్ నడపాలి, లేదా అలారం సంకేతంతో చదువును మధ్యలో తెంపాలి. అలా తెగితే తిరిగి చదవాలని తెలియని పాత ప్రోగ్రాములు దాన్ని పొరపాటుగా తీసుకుని ఆగిపోతాయి. ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న ప్రోగ్రాముల కింద ఆ మార్పు చేయడం ప్రమాదం.

కానీ ఆ అభ్యంతరంలోనే సరైన ప్రశ్న దాగి ఉంది. అవతల మనిషి ఉన్నాడా అని ప్రోగ్రాం అడుగుతోంది. ఆ సంగతి దానికి తెలిసే దారి లేదు. టెర్మినల్ ఉందో లేదో చూసి ఊహించడమే. దానికి కచ్చితంగా తెలిసే సంగతి వేరే ఉంది, ఇవతల చదవడానికి ఇంకేమైనా ఉందా అన్నది. తర్వాతి చదువుకు దిగేముందు పోల్ అనే సిస్టం కాల్‌తో కెర్నెల్‌ను అడిగితే ఉందో లేదో వెంటనే చెబుతుంది. ఉంటే చదువుతూ పోవచ్చు, బఫర్ నిండుతుంది, వేగం తగ్గదు. లేకపోతే ప్రోగ్రాం ఎలాగూ ఆగిపోబోతోంది, ఆగేముందు చేతిలో ఉన్నది పంపేయవచ్చు. పెద్ద ఫైలును వడపోసేటప్పుడు వేల బైట్లకు ఒక అదనపు ప్రశ్న, అంతే ఖర్చు. నిమిషానికొక లైను వచ్చేటప్పుడు ఆలస్యం సున్నా. రెండు పనులకూ ఒకే ప్రోగ్రాం, ఒకే పద్ధతి, ఏ ఆప్షనూ గుర్తుంచుకోనక్కర్లేదు.

దీనికీ ఎదురువాదన ఉంది. ఎడమవైపు ప్రోగ్రాం నెమ్మదిగా, కుడివైపుది వేగంగా ఉంటే, ప్రతి లైను తర్వాతా ఇన్‌పుట్ ఖాళీగానే కనబడుతుంది, ప్రతి లైనుకూ సిస్టం కాల్ పడుతుంది, ఆదా పోతుంది అంటారు. నిజమే. కానీ అప్పుడు కుడివైపు ప్రోగ్రాం ఖాళీగా కూర్చుని ఉంది, దానికి సమయం మిగులుతోంది. ఆ మిగిలిన సమయంలోంచే ఈ ఖర్చు పెడుతోంది. మొత్తం పని ముగిసే వేళను నిర్ణయించేది ఎడమవైపు నెమ్మది ప్రోగ్రామే. ప్రాసెసర్ కొంచెం ఎక్కువ తిరుగుతుంది, కాదనను. బ్యాటరీ మీద నడిచే పరికరంలో అది పట్టించుకోవాల్సిన సంగతే. అందుకే పూర్తి బఫరింగ్ కోరుకునేవారికి ఆ ఆప్షన్ ఉండాలి. ఇప్పుడు త్వరగా కావాలనేవాడు నోరు తెరిచి అడగాల్సి వస్తోంది, అడగకపోతే నష్టం అతనికి కనబడకుండా జరుగుతోంది. పొదుపు కావాలనేవాడు అడగడం మేలు, ఎందుకంటే అడగకపోతే అతనికి జరిగే నష్టం కొంత వేగమే. సమాచారం పోదు, ఎవరూ తప్పు రిపోర్టు రాయరు.

ఇదంతా మాన్యువల్లో రాసే ఉంది, చదవనివారిది తప్పు అన్న మాట కూడా వింటుంటాం. టీసీపీడంప్ మాన్యువల్, గ్రెప్ మాన్యువల్ ఈ ఆప్షన్ల గురించి చెప్పే మాట నిజం. కానీ మాన్యువల్ తెరవాలంటే ముందు అనుమానం రావాలి. ఏ ప్రోగ్రాం మాన్యువల్ తెరవాలో తెలియాలి. పాత ఫైలు మీద పనిచేసి, రెండు మెట్ల మీద పనిచేసి, మూడో మెట్టు చేర్చగానే మూగబోయిన కమాండ్ తప్పు ఎక్కడుందో తానుగా చెప్పదు. నెట్‌బీఎస్‌డీ ఈ దిశగా ఒక అడుగు వేసింది. అక్కడ సి లైబ్రరీయే ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూసి బఫర్ పద్ధతి మార్చుకుంటుంది, ప్రోగ్రాముకొక ఆప్షన్ వెతకనక్కర్లేదు. గ్లిబ్‌సీలోనూ అలాంటిది ఉంటే సగం బాధ తీరుతుంది.

అప్పటిదాకా చేయగలిగింది, పైపులైన్ మీద ఆధారపడేముందు అందులోని ప్రతి ప్రోగ్రాంను విడిగా పరీక్షించడం. పరీక్ష సులువు. క్షణానికొక అంకె వెలువరించే చిన్న లూప్ షెల్‌లో రాయాలి, పదిసార్లు తిరిగేలా. దాన్ని మీరు అనుమానించే ప్రోగ్రాంకు తగిలించాలి, దాని చివర క్యాట్‌ను తగిలించాలి. క్యాట్ ఏదీ దాచుకోదు, కానీ అది అక్కడుంటే అనుమానిత ప్రోగ్రాం ఎదుట పైపు ఉంటుంది, అసలు పనిలో ఉన్నట్టే. అంకెలు క్షణానికొకటి వస్తే ఆ ప్రోగ్రాం పోగుచేయడం లేదు. పది క్షణాలు ఏమీ రాక, చివర పదీ ఒకేసారి వస్తే పోగుచేస్తోంది. ఎస్‌టీడీబఫ్ పెట్టి మళ్లీ నడపండి, అప్పటికీ అలాగే వస్తే ఆ మందు దానికి ఎక్కదు, దాని సొంత ఆప్షన్ వెతకాలి. పరీక్ష చివర క్యాట్ పెట్టడం మరిచిపోతే ప్రోగ్రాం ఎదుట టెర్మినల్ ఉంటుంది, అంకెలు క్షణానికొకటి చక్కగా వస్తాయి, ఆ ఫలితం మాత్రం నమ్మవద్దు.